నచ్చిన వీడియో ఛానల్‌ను ఇతరులకు సరిగ్గా సూచించడం ఎలా: సంగీతానికీ అభిరుచులకూ ఒక సమగ్ర మార్గదర్శి

“సంగీతం నేర్చుకోవడానికి మంచి ఛానల్ ఏదైనా ఉంటే చెప్పండి”, “మిద్దె మీద కూరగాయలు పెంచుదామనుకుంటున్నాం, ఎవరి వీడియోలు చూడాలి” అని ఎవరైనా అడిగితే, మనం వెంటనే గుర్తొచ్చిన నాలుగైదు పేర్లు రాసి పంపేస్తాం. అడిగినవారు సంతోషంగా సరేనంటారు, ఆ తరువాత వాటిలో ఒక్కటి కూడా తెరవరు. గిటారు నేర్చుకుంటానన్న మా బావకు నేను ఒకసారి ఏకంగా 14 ఛానళ్ల పేర్లు పంపాను. 3 నెలల తరువాత అడిగితే, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక గిటారును బీరువా మీద పెట్టేశానన్నాడు.

తప్పు బావది కాదు. ఏ వీడియోతో మొదలుపెట్టాలి, అది చూశాక చేతితోనో గొంతుతోనో ఏం చేయాలి, రెండోది ఎప్పుడు తెరవాలి అన్న మూడు సంగతులూ లేకుండా ఛానల్ పేరు ఒక్కటే చెబితే అది ఊరి పేరు చెప్పి ఇంటి నంబరు చెప్పకపోవడమే. ఆ మూడింటినీ ఎలా సిద్ధం చేసుకోవాలో, ఏ క్రమంలో పంపాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలన్నీ యూట్యూబ్‌కు సంబంధించినవి.

1. పేరు చెప్పే ముందు అడగవలసినవి

సూచించే పని అవతలివారిని ప్రశ్నించడంతో మొదలవుతుంది. కింది ప్రశ్నలకు జవాబులు తెలియకుండా ఏ లింకూ పంపకండి.

□ ఇప్పటికి ఎంత వచ్చు? “కొంచెం వచ్చు” అన్న జవాబు చాలదు. “సరళీ స్వరాలు (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో పాడగలను” అన్నంత స్పష్టంగా రాబట్టండి.
□ ఏ భాషలో వింటే హాయిగా ఉంటుంది?
□ రోజుకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయి, ఏ పూట?
□ ఇంట్లో ఏయే వస్తువులు ఉన్నాయి, కొనడానికి ఎంత పెట్టగలరు?
□ ఫోనులో చూస్తారా, టీవీలోనా?
□ చేయాలని ఉందా, చూసి ఆనందించాలని ఉందా?

ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. సంగీతానికి సంబంధించిన ఛానళ్లను నేర్పేవి, వినిపించేవి, విప్పి చెప్పేవి అని మూడు రకాలుగా విడదీయవచ్చు. జస్టిన్ శాండర్కో నడిపే జస్టిన్‌గిటార్ నేర్పే రకం. కచేరీలను చక్కటి ధ్వనితో, శ్రద్ధగా చిత్రీకరించి పెట్టే మద్రాసనా, బ్రిటన్‌లో జరిగే దర్బార్ ఉత్సవపు ఛానల్, పాత రికార్డింగులను వెలికితీసే ప్రసారభారతి ఆర్కైవ్స్ వినిపించే రకం. న్యూయార్క్ బాస్ గిటారిస్టు ఆడమ్ నీలీ, పాటలను భాగాలుగా విడదీసి చూపే రిక్ బియాటో, హిందుస్థానీ సంగీతపు అంశాలను వివరించే అనూజా కామత్ విప్పి చెప్పే రకం.

గిటారు పట్టుకోవడం కూడా రానివారికి ఆడమ్ నీలీని సూచిస్తే, ఆ వీడియోలు ఎంత బాగున్నా వారికి మిగిలేది తమకేమీ రాదన్న దిగులే. ఊరికే కచేరీ వినాలనుకునేవారికి సరళీ స్వరాల పాఠం పంపినా అంతే. నేను పంపిన 14 పేర్లలో మూడు రకాలూ కలగాపులగంగా ఉన్నాయని తరువాత లెక్కపెట్టుకుంటే తేలింది.

2. మీరు చూసినవాటిలోంచి ఏరుకోవడం

మీకు నచ్చిన ఛానళ్లన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటిలో దేనివల్ల మీ చేతికి ఒక పని వచ్చిందో, లేదా మీరు వినే తీరు మారిందో, వాటి పక్కన మాత్రమే గుర్తు పెట్టండి. మిగిలినవి మీకు కాలక్షేపం. అందులో తప్పేమీ లేదు కాని, నేర్చుకోవాలని వచ్చినవారికి వాటిని పంపకూడదు.

గుర్తు పెట్టినవాటిలో మీ పనికి మలుపు తెచ్చిన వీడియో ఏదో జ్ఞాపకం రాకపోతే యూట్యూబ్‌లో మీ వాచ్ హిస్టరీని (చూసిన వీడియోల జాబితాను) తెరిచి, అందులోని వెతుకుపెట్టెలో ఛానల్ పేరు కొట్టండి. ఆ వీడియోను మళ్లీ పూర్తిగా చూడండి. రెండేళ్ల కిందట అద్భుతంగా తోచింది ఇప్పుడు చూస్తే సాగదీసినట్లు ఉండవచ్చు. అసలు తొలగించి ఉండవచ్చు కూడా.

చివరికి మీ చేతిలో మూడుకు మించి మిగలకూడదు. అందులోనూ మొదట పంపేది ఒక్కటే.

3. ఛానల్‌ను పరీక్షించడం

మీకు పనికొచ్చిందంటే అందరికీ పనికొస్తుందని కాదు. అందుచేత, కొత్తగా మొదలుపెట్టేవారి కళ్లతో మరోసారి చూడాలి. దీనికి ఒక గంట పడుతుంది, ఆ గంటను తగ్గించుకోవద్దు.

3.1 అన్ని ఛానళ్లకూ వర్తించేవి

□ ఛానల్‌లోని వీడియోలను పాతవి ముందు వచ్చేలా అమర్చి చూడండి. చాలా ఛానళ్లలో అసలు పాఠాలు మొదటి ఏడాదిలోనే ఉంటాయి. తరువాతివి వచ్చిన ప్రశ్నలకు జవాబులు, పరికరాల సమీక్షలు.
□ ప్లేలిస్టుల విభాగంలో పాఠాలు వరుసగా ఉన్నాయా? వరుస లేకపోతే దాన్ని మీరే తయారు చేయాలి.
□ చేసేటప్పుడు జరిగే తప్పును చూపి, దిద్దే పద్ధతి చెబుతున్నారా? అన్నీ మొదటిసారే కుదిరినట్లు చూపే వీడియో చూడటానికి ముచ్చటగా ఉంటుంది కాని, మనకు కుదరనప్పుడు పనికిరాదు.
□ కామెంట్లను కొత్తవి ముందు వచ్చేలా అమర్చి చదవండి. “చేశాను, ఇక్కడ ఆగిపోయాను” అన్నవారికి జవాబు వస్తోందా?
□ కొలతలు వీడియో కింది వివరణలో రాశారా? వంట ఛానళ్లలో విస్మయి ఫుడ్‌ను నేను ధైర్యంగా సూచించేది ఇందుకే. కొలతలూ జాగ్రత్తలూ విడిగా చెబుతారు.
□ డబ్బు తీసుకుని చేసిన ప్రచారమా?

లైకుల సంఖ్యను చూసి నమ్మకండి. డిస్‌లైకుల లెక్క 2021 నవంబరు నుంచి చూసేవారికి కనిపించడం లేదు కనుక, లైకులు ఎన్ని ఉన్నా అది ఒంటిచేతి చప్పట్లే.

ప్రచారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2021లోనూ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనూ విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బో వస్తువో తీసుకుని చేసిన వీడియోలో ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. చెప్పినంత మాత్రాన ఆ వీడియో చెడ్డది కాదు; అయితే వస్తువు కొనమనే వీడియోను మొదటి పాఠంగా పంపకండి. కొత్తవారు పాఠం వదిలేసి వస్తువు కొంటారు.

3.2 సంగీత పాఠాలకు ప్రత్యేకంగా

కర్ణాటక గాత్రం నేర్పే వీడియోలో నేను మొదట చూసేది శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి. దాన్ని 1, 4, 5½ అంటూ అంకెలతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది. పాఠం మొదట్లోనే ఏ శ్రుతిలో పాడుతున్నారో చెప్పాలి, వెనుక తంబురా వినిపిస్తూ ఉండాలి. మగవారిలో ఎక్కువమందికి 1 శ్రుతికి కాస్త అటూ ఇటూగా, ఆడవారిలో ఎక్కువమందికి 4 నుంచి 6 శ్రుతుల మధ్య గొంతు హాయిగా పలుకుతుంది. 5½ శ్రుతిలో పాడే విద్వాంసురాలి పాఠాన్ని ఒక మగ గొంతుకు సూచిస్తే, ఆయన అయితే పై స్థాయిలో కేకలు పెడతాడు, లేదా కింది స్థాయిలో గొణుగుతాడు, వారం తిరిగేసరికి మానేస్తాడు. “నాకు గొంతు లేదు” అనే చాలామందికి నిజంగా కుదరనిది శ్రుతి.

రెండోది తాళం. చేయి తెరమీద కనిపించాలి. ఆది తాళపు 8 అక్షరాలను వేసి చూపకుండా పాడుకుంటూ పోయే వీడియో వినడానికి సరే, నేర్చుకోవడానికి చాలదు.

మూడోది విరామం. గురువు ఒక వరుస పాడాక శిష్యుడు పాడటానికి అంతే నిడివి ఖాళీ వదలాలి. ఈ చిన్న విషయం పాటించే ఛానళ్లు తక్కువ, కనబడితే వదలకండి.

నాలుగోది క్రమం. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, గీతాలు, ఆ తరువాత స్వరజతి, వర్ణం, కృతి అన్న వరుసను ఛానల్ గౌరవిస్తోందా చూడండి. వారం రోజుల్లో కీర్తన వచ్చేస్తుందనే శీర్షికలను పక్కన పెట్టండి. ఇంగ్లీషు అర్థమయ్యేవారికి వాక్స్‌గురు పాఠాలు ఈ వరుసను అందుకోవడానికి వీలుగా ఉంటాయి. గురువు దొరకని ఊళ్లలో, దేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు నేను సూచించేవాటిలో అదొకటి.

వీడియో ఎంత మంచిదైనా మన అపస్వరాన్ని వినలేదు. కాబట్టి గాత్రం అడిగినవారికి ఛానల్‌తో పాటు ఒక మాట తప్పక రాయండి: నెలకు ఒక్కసారైనా సంగీతం తెలిసిన మనిషి ముందు పాడి వినిపించాలి.

3.3 మిద్దెతోటకు ప్రత్యేకంగా

తోట వీడియో పుట్టిన వాతావరణం ఏదో ముందు తెలుసుకోవాలి. ఇంగ్లండులోని సోమర్సెట్‌లో నేల దున్నకుండా పండించే చార్లెస్ డౌడింగ్ వీడియోలంటే నాకు ఎంతో ఇష్టం. అయినా, ఆయన వసంతకాలం వచ్చిందని విత్తే మార్చి నెలలో కర్నూలు మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆయన దగ్గర నేర్చుకోవలసింది కంపోస్టు తయారీ, నేలను కదపకపోవడంలోని మర్మం. నెలల పట్టిక కాదు.

అందుకే తోటకు తెలుగు ఛానల్‌నే ముందు పంపాలి. విశాఖ నుంచి వచ్చే మ్యాడ్ గార్డనర్ కోస్తా ఉక్కపోతలో ఉన్నవారికీ, హైదరాబాద్‌లో మిద్దెతోటను పెంచి చూపిన రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి వీడియోలు పొడిగాలి వీచే పీఠభూమిలో ఉన్నవారికీ దగ్గరగా ఉంటాయి. తేమ ఎక్కువైన చోట తెగుళ్లు, తక్కువైన చోట నీళ్లు పెద్ద సమస్యలు. రెండింటికీ ఒకే సలహా పనిచేయదు. పొలం ఉన్నవారైతే రైతునేస్తం చూడవచ్చు.

ఇంకొకటి, బరువు. 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గుండ్రటి సంచిలో 20 లీటర్లకు పైగా మట్టి పడుతుంది. ఎర్రమట్టితో నింపి తడిపితే అది 30 కిలోలు దాటుతుంది. అలాంటివి 40 పెడితే టన్నుకు పైమాటే. కప్పు ఎంత మోస్తుంది, నీరు దిగకుండా ఏం చేయాలి, సంచులను దూలాల మీదుగా ఎలా అమర్చాలి అన్న మాటలే ఎత్తకుండా “నూరు కుండీల తోట” చూపించే వీడియోను మొదటి సూచనగా పంపవద్దు.

□ ఊరు, నెల చెప్పారా?
□ మట్టి మిశ్రమం పాళ్లు చెప్పారా?
□ బరువు, నీటి పారుదల గురించి మాట్లాడారా?
□ విత్తిన రోజు నుంచి కోత దాకా అదే మొక్కను చూపారా, లేక కాయలు కాసిన రోజు మాత్రమేనా?

3.4 చేతిపనులు

ఇక్కడ భద్రతే మొదటి పరీక్ష. రంపపు యంత్రం రక్షణ కవచాన్ని తీసేసి పనిచేసేవారి వీడియో ఎంత నైపుణ్యంగా ఉన్నా కొత్తవారికి పంపకూడదు. ఫ్లాట్లలో ఉండేవారికి బ్రిటిష్ వడ్రంగి పాల్ సెల్లర్స్ సరిపోతారు. చేతి పనిముట్లతోనే చేస్తారు కనుక దుమ్ము తక్కువ, కింది అంతస్తువారితో తగవు కూడా తక్కువ.

4. వరుస తయారు చేయడం

ఛానల్ ఖరారయ్యాక అందులోంచి మూడు వీడియోలు మాత్రమే తీయండి.

మొదటిది ఇంట్లో ఉన్న వస్తువులతో ఈరోజే చేయగలిగినది కావాలి. రెండోది, మొదటిది చేశాక అందరికీ ఎదురయ్యే ఇబ్బందిని తీర్చేది కావాలి. మూడోది కొంచెం ఊరించేది: ఆరు నెలలకు ఎక్కడికి చేరవచ్చో చూపేది.

ఉదాహరణకు మిద్దెతోటకైతే ఆకుకూర విత్తడం మొదటిది, ఎందుకంటే తోటకూర 3, 4 వారాల్లో కోతకు వచ్చి మనిషికి ధైర్యమిస్తుంది. పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) వస్తే ఏం చేయాలన్నది రెండోది. పందిరి మీద బీర, కాకర పాకించడం మూడోది. టమాటాతో మొదలుపెట్టించి చేయి కాల్చుకున్నవారిని చాలామందిని చూశాను.

ప్రతి వీడియోకూ మధ్య చేయవలసిన పనిని ఒక వాక్యంలో రాయండి. ఆ పని పూర్తయ్యేదాకా తరువాతి లింకు పంపకపోవడం ఇంకా మంచిది.

5. లింకు, ప్లేలిస్టు: సాంకేతికంగా చూసుకోవలసినవి

45 నిమిషాల వీడియోలో మీరు చెప్పదలచుకున్నది 12వ నిమిషంలో ఉంటే, లింకు అక్కడినుంచే తెరుచుకోవాలి. కంప్యూటర్‌లో షేర్ నొక్కితే “స్టార్ట్ ఎట్” అన్న గడి వస్తుంది. అందులో సమయం పెట్టి లింకును కాపీ చేయండి. ఆ గడి కనబడని చోట, “12:00 నుంచి చూడండి” అని లింకు పక్కన రాస్తే చాలు.

మూడు వీడియోలనూ ప్లేలిస్టుగా పంపాలనుకుంటే దాన్ని “అన్‌లిస్టెడ్”గా పెట్టండి. అప్పుడు లింకు ఉన్నవారికి మాత్రమే కనిపిస్తుంది. “ప్రైవేట్”గా వదిలేస్తే అవతల తెరుచుకోదు. “రావడం లేదు” అనే ఫిర్యాదుల్లో సగం ఇదే. “వాచ్ లేటర్” జాబితా మీ సొంతానికే, దాన్ని పంచుకోవడం కుదరదు.

వీడియోను యజమాని తొలగిస్తే అది ప్లేలిస్టులోంచి కూడా పోతుంది, ఏది పోయిందో పేరు కూడా తెలియదు. కనుక వీడియోల శీర్షికలను విడిగా రాసి ఉంచుకోండి.

చూసేవారికి చెప్పవలసిన చిట్కాలు కొన్ని:

□ వేగాన్ని 0.75కు తగ్గిస్తే మాట, వాయిద్యం నిదానిస్తాయి కాని శ్రుతి మారదు. సంగీతం సాధన చేసేవారికి ఇది వరం. 0.5కు దిగితే గమకాలు (స్వరాల ఊపులు) జావగారిపోతాయి, అంత దూరం వద్దు.
□ ఫోనులో తెర ఎడమవైపు రెండుసార్లు తడితే 10 సెకన్లు వెనక్కి వెళుతుంది.
□ మాటలు లేని ఛానళ్లలో క్యాప్షన్లు ఆన్ చేయాలి. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ప్లాంట్ తన ప్రిమిటివ్ టెక్నాలజీ వీడియోల్లో ఒక్క మాటా మాట్లాడరు. మట్టి ఇటుకలు, కొలిమి ఎలా కట్టారో వివరణ అంతా క్యాప్షన్లలోనే ఉంటుంది. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి బొమ్మలు మాత్రమే చూసినవారున్నారు, నాతో సహా.

6. రాసి పంపడం

సూచన వాట్సాప్‌లో ఒక్క తెరకు మించకూడదు. బావకు రెండోసారి పంపింది ఇదీ:

“బావా, ముందు గిటారు బీరువా మీది నుంచి దించు. జస్టిన్‌గిటార్ సైటులో మొదటి గ్రేడు, మొదటి మాడ్యూలు మాత్రమే తెరువు. అన్నీ ఉచితమే. ఈ వారం ఏ, డి కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) రెండే. రోజుకు 15 నిమిషాలు చాలు. వన్ మినిట్ చేంజెస్ అని ఒక అభ్యాసం ఉంటుంది. నిమిషంలో ఎన్నిసార్లు కార్డు మార్చగలిగావో రోజూ కాగితం మీద రాసుకో. 30 దాటాక నాకు చెప్పు, తరువాతిది అప్పుడు చూద్దాం. ఇంగ్లీషు వేగంగా అనిపిస్తే 0.75 పెట్టుకో. మొదటి పది రోజులు వేళ్ల కొసలు నొప్పి పుడతాయి, అది మామూలే. నేను ముందు పంపిన 14 పేర్లూ చెరిపేయి.”

పంపే ముందు సరిచూసుకోండి:

□ ఛానల్ ఒక్కటేనా?
□ మొదట తెరవవలసింది ఏదో రాశారా?
□ చేయవలసిన పని, దానికి కొలత ఉన్నాయా?
□ ఈ ఛానల్‌లోని లోపం ఒకటైనా చెప్పారా? భాష కావచ్చు, నిడివి కావచ్చు, వాతావరణం కావచ్చు.
□ లింకును వేరే ఫోనులో తెరిచి చూశారా?

7. తరచు జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

జాబితా పెద్దదైపోవడం. మీ అభిరుచి ఎంత విశాలమో చూపాలన్న కోరిక దీనికి మూలం. ఒకటి పంపి, మిగిలినవి మీ దగ్గరే ఉంచండి.

మీరు ఇప్పుడు చూస్తున్నది పంపడం. పదేళ్లు వీణ వాయించాక మనకు నచ్చేవి వేరు. మీరు మొదలుపెట్టిన ఏడాది ఏది పనికొచ్చిందో గుర్తు చేసుకుని దాన్ని పంపండి.

షార్ట్స్ పంపడం. చిటికెలో ముగిసే ముక్క ఆసక్తి కలిగిస్తుంది కాని పాఠం కాదు. దానికి మూలమైన పెద్ద వీడియో అదే ఛానల్‌లో ఉంటే, ఛానల్ పేజీలోని భూతద్దం గుర్తును నొక్కి వెతికి, దాన్నే పంపండి.

పిల్లలకు ఛానల్ మొత్తాన్ని అప్పగించడం. ఒక వీడియో అయ్యాక తనంతట తానే మరొకటి మొదలవుతుంది, అది ఏదో మీ చేతిలో ఉండదు. ఆటోప్లే ఆపించి, వీడియో లింకును పెద్దవారి ఫోనుకే పంపండి.

మంచి మాటలే చెప్పడం. “అద్భుతం, తప్పక చూడండి” అన్నదానికన్నా “మొదటి 4 నిమిషాలు స్వపరిచయమే, దాటేయండి” అన్నది ఎక్కువ ఉపయోగపడుతుంది.

8. పంపిన తరువాత

వారం ఆగి అడగండి. “చూశారా” అని అడిగితే మొహమాటానికి చూశామంటారు. “తోటకూర ఎన్ని ఆకులు వేసింది”, “రెండో కాలంలో ఎక్కడ తాళం తప్పుతోంది” అని అడగండి. జవాబును బట్టి ఎక్కడ ఉన్నారో తెలిసిపోతుంది.

అసలు మొదలుపెట్టకపోతే కారణం అడిగి ఛానల్‌నైనా మార్చండి, వేళనైనా మార్చండి. రెండోసారి కూడా కదలకపోతే ఆ అభిరుచిని వదిలేయనివ్వండి. వెంటపడితే మీ నుంచి వచ్చే సందేశాలే తెరవడం మానేస్తారు.

6 నెలలకొకసారి మీ దగ్గరున్న జాబితాను తెరిచి, పోయిన వీడియోలను తీసేసి, పాఠాలు ఆపి అమ్మకాలకు దిగిన ఛానళ్లను కొట్టేయండి.

బావ దగ్గర నుంచి మూడో వారంలో ఒక అంకె మాత్రం వచ్చింది: 31. ఆ సాయంత్రమే రెండో మాడ్యూలు లింకు పంపాను.